ఆటోనగర్ ఖాళీ జాగా కాదు

విజయవాడ భవిష్యత్తు గురించి ఎవరు మాట్లాడినా కాసేపటికి మాట ఆటోనగర్ మీదికి వస్తుంది. ఒకప్పుడు పటమట శివారు, ఇప్పుడు నడి ఊరు. అంత ఖరీదైన స్థలంలో రేకుల షెడ్లు, ఆయిల్ మరకలు, తుక్కు గుట్టలు ఎందుకంటారు. వాటిని మల్లవల్లి పారిశ్రామిక పార్కుకో మరో చోటికో పంపేసి, ఆ జాగాలో మాల్, అపార్ట్‌మెంట్లు, అద్దాల ఆఫీసులు కడితే ఊరికి అందం, ఖజానాకు ఆదాయం, పిల్లలకు ఉద్యోగాలు వస్తాయంటారు. ఇది ఒక పార్టీ మాట కాదు. ప్రభుత్వాలు మారినా ఈ ఆలోచన మాత్రం కుర్చీ దిగడం లేదు. నగరాల్లో కలిసిపోయిన పాత పారిశ్రామిక ప్లాట్లను రుసుము కట్టించుకుని ఇతర అవసరాలకు మార్చుకోనిచ్చే విధానాన్ని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చింది; ఆటోనగర్ వాళ్లు రోడ్డెక్కి వద్దన్నారు. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులో, దాని చుట్టుపక్కల ఉన్న 22 పారిశ్రామికవాడల్లోని సుమారు 9,292 ఎకరాలకు అదే దారి తెరిచింది. సబ్‌రిజిస్ట్రార్ విలువలో 30 లేదా 50 శాతం కడితే చాలు, ఫ్యాక్టరీ నేల మీద ఇళ్లూ దుకాణాలూ లేపుకోవచ్చు. ఈ ఆలోచన మూలంలోనే తప్పుందని నా వాదన. పాత షెడ్డు ఉన్న నేలను ఖాళీ నేలగా లెక్కగట్టడం దగ్గరే ఆ తప్పు మొదలవుతుంది. ఊరి చేతిలో ఉన్న ఉత్పత్తి సాధనాల్లో ఆ షెడ్డు అన్నిటికన్నా చవకైనది. ఒకసారి కూలిస్తే ఆ ఖర్చుకు మళ్లీ కట్టుకోలేనిది. దాన్ని కొత్త పనికి వాడుకోవాలి గానీ, పనిని వెళ్లగొట్టి నేలను అమ్ముకోకూడదు.

ఆటోనగర్ కాలం చెల్లిన శిథిలమన్నట్టు మాట్లాడేవాళ్లు అది ఎలా పుట్టిందో మరిచిపోతున్నారు. మద్రాసు-కలకత్తా రోడ్డు, హైదరాబాదు-బందరు రోడ్డు కలిసే చోటు, కాలవలు చీలే చోటు, రైళ్లు మారే చోటు కావడంతో బెజవాడ మొదటి నుంచీ రవాణా మీద బతికిన ఊరు. ఈ జిల్లా ప్రైవేటు బస్సు యజమానులు ఎంత బలమైన వర్గమో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1958లో ఏర్పడిన ఆర్టీసీ కృష్ణా జిల్లా రూట్లను జాతీయం చేయబోతే వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు పేరుతో ఉన్న ఆ కేసు తీర్పును, అభ్యంతరాలు విన్నవాడే నిర్ణయం చేయాలన్న సూత్రం కోసం, న్యాయ విద్యార్థులు ఇవాళ్టికీ చదువుతున్నారు. బస్సులు, లారీలు అన్ని ఉన్న చోట వాటిని బాగుచేసేవాళ్లూ అంతమంది ఉంటారు. ఊళ్లో రోడ్ల పక్కన చెదిరి ఉన్న గ్యారేజీలను ఒకచోట చేర్చాలని 1966లో జవహర్ ఆటోనగర్‌ను ఊరి బయట, రమారమి 275 ఎకరాల్లో ఏర్పాటు చేశారు. అంటే ఇప్పుడు ఊరి మధ్య అడ్డంగా ఉందని మనం అంటున్న చోటికి వాళ్లను పంపింది ఊరే. తర్వాత ఊరు వాళ్ల చుట్టూ పెరిగింది. అరవై ఏళ్లు వాళ్లు రోడ్లకు, కరెంటుకు, గిరాకీకి ఒక కేంద్రం తయారుచేసి పెట్టాక, నేల విలువ పెరిగింది కాబట్టి మళ్లీ బయటికి పొమ్మనడం న్యాయం కాదు. రేపు మల్లవల్లి చుట్టూ ఊరు పెరిగితే అక్కడి నుంచి ఎక్కడికి పంపుతారు?

న్యాయం సంగతి పక్కన పెట్టి, లాభనష్టాలే చూద్దాం. ఒక లారీ బాడీ ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూస్తే ఆటోనగర్ అంటే ఏమిటో అర్థమవుతుంది. కంపెనీ నుంచి ఛాసిస్ వస్తుంది: ఇంజను, చక్రాలు, స్టీరింగు, అంతే. ఒక షెడ్డులో దాని మీద అడ్డ దుంగలు పరిచి, యూ-బోల్టులతో బిగించి, పైన చెక్క వేసి రేకు కొడతారు. డోర్ల కొక్కేలు, గొలుసులు ఇంకో చోట తయారవుతాయి. క్యాబిన్‌కు వడ్రంగి, సీట్లకు కుట్టుపనివాడు, వైరింగ్‌కు ఒక కొట్టు, అద్దాలకు ఒక కొట్టు, రంగుకు ఒక షెడ్డు, ఆఖరున పేరు, నంబరు, దేవుడి బొమ్మ రాసే చేయి. మోసే సరుకును బట్టి కమాను కట్టల్లో ఇంకో ఆకు చేర్చాలంటే మరో వీధి. ఏ ఒక్క షెడ్డూ లారీని పూర్తిగా కట్టదు. వీధులన్నీ కలిసి కడతాయి. మరమ్మతూ అంతే. ఇంజను దించాక క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగుకు పోతుంది, పంపు, నాజిళ్లు ఇంకో చోటికి పోతాయి, రేడియేటరు మాటు వేయడానికి వేరే చోటికి పోతుంది. ఇవన్నీ చేతిబండి మీద వెళ్లి వచ్చే దూరంలో ఉన్నాయి కాబట్టే పని త్వరగా తెములుతుంది. వీటిలో సగం ఒక చోట, సగం నలభై కిలోమీటర్ల అవతల ఉంటే ఒక రోజు పని నాలుగు రోజులు పడుతుంది. బండి ఆగినా ఫైనాన్సు వాయిదా ఆగదు కాబట్టి ఆ లారీ యజమాని వేరే ఊరు చూసుకుంటాడు. చిన్న పరిశ్రమలను విడివిడిగా ఎత్తి ఇంకో చోట పెట్టవచ్చనుకునేవాళ్లు ఈ అల్లికను లెక్కలోకి తీసుకోవడం లేదు.

షెడ్డు విషయమూ చెప్పాలి. బయటి నుంచి తుప్పు పట్టిన రేకులే కనిపిస్తాయి. లోపల టిప్పర్ తొట్టి పూర్తిగా లేచినా తగలనంత ఎత్తు ఉంటుంది. కప్పు దూలానికి చైన్ బ్లాకు, బండి కిందికి దిగి పనిచేసే గొయ్యి, బరువు బండి ఎక్కినా పగలని నేల, త్రీఫేజ్ కరెంటు, పొడవాటి ఛాసిస్ ఒక్క తిప్పుకు లోపలికి వచ్చే వాకిలి ఉంటాయి. ఇవన్నీ ఎప్పుడో పెట్టిన ఖర్చులు, ఎప్పుడో తీరిపోయిన అప్పులు. అందుకే చేతి పనే పెట్టుబడిగా ఉన్న ఒక మేస్త్రి వాటిని అద్దెకు తీసుకుని సొంత పని మొదలుపెట్టగలుగుతున్నాడు. కొత్తగా కట్టిన భవనం దాని మీది వడ్డీని అద్దెలోనే రాబట్టుకోవాలి. ఆ అద్దె కట్టగలిగేది బ్యాంకు శాఖ, నగల షాపు, పేరున్న బట్టల దుకాణం. కొత్త వ్యాపారాలకు పాత భవనాలే దిక్కని రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో అమెరికా నగరాల గురించి వాదించింది. దానికి రుజువు మన దగ్గరే ఉంది. హైదరాబాదు బాలానగర్‌లో ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్ లేకపోతే, అక్కడ పనిచేసి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి లేరు. అదే బాలానగర్‌లో 1970లో మొదలైన ఎంటార్ సంస్థ ఇవాళ ఇస్రో రాకెట్లకు ఇంజన్లు తయారుచేసి ఇస్తోంది. రాకెట్ విడిభాగం చేసే స్థాయి చెయ్యి గాలిలో పుట్టదు. చుట్టూ లేత్‌లు తిరిగే వీధులు ఉండాలి. ఆ బాలానగర్ కూడా ఇప్పుడు మార్పిడి జాబితాలో ఉండడం నన్ను నిజంగా బాధపెడుతోంది.

ఇక నేల విలువ. ఇది అందరూ వాడే ఆయుధం కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి. ఎకరం ఇన్ని కోట్లు పలుకుతున్నప్పుడు అక్కడ డెంటింగ్, పెయింటింగ్ చేసుకోవడం వృథా అంటారు. నేల ధర చెప్పేది దాన్ని ఎవరు ఎంతకు కొనగలరన్నదే. దాని మీద ఊరికి ఏం దక్కుతుందో అది చెప్పదు. మార్పిడి రుసుము ఒక్కసారి వస్తుంది. విత్తనపు వడ్లు వండుకుని ఒక పూట కడుపు నింపుకోవడం లాంటిది అది. షెడ్డులో తయారైన బాడీకి డబ్బు నెల్లూరు నుంచీ ఖమ్మం నుంచీ ఊళ్లోకి వస్తుంది. మాల్‌లో ఖర్చయ్యేది ఎక్కువగా ఊళ్లో ఉన్న డబ్బే. ఊళ్లోని బీసెంట్ రోడ్డు కొట్టులో ఖర్చు కావలసింది మాల్‌లో ఖర్చవుతుంది, లాభం వేరే నగరంలోని ప్రధాన కార్యాలయానికి పోతుంది. 61.88 చదరపు కిలోమీటర్ల నగరపాలక సంస్థ పరిధిలో 2011 నాటికే పది లక్షల మంది ఉన్నారు. వాళ్లలో పదో తరగతితో చదువు ఆగిన కుర్రాడికి మాల్ ఇచ్చేది సెక్యూరిటీ యూనిఫాం. ఆటోనగర్ ఇచ్చేది చేతికి పని. నాలుగేళ్లకు అది అతన్ని మేస్త్రిని చేస్తుంది.

నేల మార్చుకోనిచ్చి ప్రజలకూ వాటా ఇప్పిస్తామనే మాట బొంబాయి ఇప్పటికే విన్నది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మె తర్వాత అక్కడి బట్టల మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వాటి కింద సుమారు 600 ఎకరాలు. 1991లో ఒక నిబంధన పెట్టారు: మిల్లు నేల మారిస్తే మూడో వంతు నగరానికి ఖాళీ స్థలంగా, మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి ఇవ్వాలి, మిగిలింది యజమానిది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. 2001లో దాన్ని సవరించి, భవనాలు నిలిచి ఉన్న నేలను లెక్కలోంచి తీసేసి, మొదటి నుంచీ ఖాళీగా ఉన్న జాగాలోనే వాటాలన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను ఖాయం చేసింది. పార్కులకు, ఇళ్లకు దక్కిన వాటా చిక్కిపోయింది. ఒక మిల్లు ఆవరణను హోటళ్లుగా, పబ్బులుగా మార్చుకున్న చోట 2017 డిసెంబరులో మంటలు లేచి 14 మంది చనిపోయారు. మార్పిడి అనుమతి కాగితం మీద ఎన్ని షరతులతో మొదలైనా, నేల చేతులు మారాక షరతులు నిలవవని బొంబాయి మిల్లుల ప్రాంతం గిరణ్‌గావ్ చెబుతోంది. ప్రభుత్వం బలంగా, ఉద్యమం బలంగా ఉన్న బొంబాయిలోనే అలా జరిగితే, అంత ఉద్యమం లేని విజయవాడలో షరతులను కాపాడేదెవరు?

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఆటోనగర్ పని దానంతటదే తగ్గిపోతోందని, మనం కాపాడినా అది బతకదని అంటారు. ఇందులో నిజముంది. కంపెనీలు ఇప్పుడు బాడీతో సహా లారీని తయారుచేసి అమ్ముతున్నాయి. బస్ బాడీ కోడ్, ట్రక్ బాడీ కోడ్ వచ్చాక ధ్రువీకరణ లేని షెడ్డు బాడీ కడితే రిజిస్ట్రేషన్ కష్టం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఇంజన్లకు స్పానర్‌తో పాటు కంప్యూటర్ కావాలి. కరెంటు బండికి నాజిల్ ఉండదు, గేర్‌బాక్సు ఉండదు. సరే. అయితే ఇదే కోడ్, ఇదే పోటీ తమిళనాడులోనూ ఉన్నాయి. కరూరు బస్సు బాడీలకు, నామక్కల్ లారీ బాడీలకు, తిరుచెంగోడు బోరు రిగ్గులకు ఇవాళ్టికీ పేరున్న ఊళ్లు. పని తగ్గడానికీ పని మారడానికీ మధ్య తేడా ఉంది. కరెంటు బస్సుకు కూడా కమాన్లు, బ్రేకులు, టైర్లు, సీట్లు, అద్దాలు, ఏసీ, బాడీ ఉంటాయి. దాని మోటారు చుట్టగల చేతులు డెల్టా వ్యవసాయ మోటార్లు చుట్టి చుట్టి ఎప్పుడో తయారై ఉన్నాయి. వాటికి లేనిది పరీక్షా కేంద్రం, ధ్రువీకరణకు దారి చూపే మనిషి, బ్యాటరీ పని నేర్పే బడి. అవి కట్టకుండా పని చచ్చిపోతోందని చెప్పి నేల మార్చడమంటే, మందివ్వకుండా మరణ ధ్రువపత్రం రాయడమే.

అసలు ఈ ప్రాంతంలో బండి బాడీల పని చచ్చిపోలేదనడానికి పెద్ద సాక్ష్యం ప్రభుత్వమే తెచ్చిపెట్టింది. 2018లో శంకుస్థాపన జరిగిన అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు మల్లవల్లిలో 75 ఎకరాల్లో 2025 మార్చిలో తెరుచుకుంది. అక్కడ జరిగేది బస్సులు కట్టడం. ఆ ప్లాంటు రావడం మంచిదే, నాకు దానిపై ఏ ఫిర్యాదూ లేదు. నా ప్రశ్న వేరు: బస్సులు కట్టడానికి ఒక పెద్ద కంపెనీని రాయితీలిచ్చి పిలుచుకున్న ప్రభుత్వం, అరవై ఏళ్లుగా బాడీలు కడుతున్న వీధులను ఆ ప్లాంటుకు సీట్లు, గ్రిల్లులు, ఫైబర్ భాగాలు అందించేలా ఎందుకు తయారుచేయదు? మల్లవల్లిని ఆటోనగర్‌ను పంపేసే చోటుగా చూస్తున్నాం. ఆటోనగర్ సరుకు కొనే చోటుగా చూడాలి.

పైగా ఆటోనగర్ గిరాకీ లారీల్లోనే లేదు. డెల్టాలో దమ్ము మొదలయ్యే ముందు ట్రాక్టర్లకు ఇనుప చక్రాలు కావాలి. కోతలప్పుడు వరికోత మిషను బెల్టు తెగితే ఒక్క రాత్రిలో దొరకాలి, లేకపోతే వాన వచ్చి పంట పోతుంది. కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువులకు ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి. సింగ్‌నగర్ వైపు వేల బళ్లు నీళ్లలో రోజుల తరబడి నానాయి. ప్రభుత్వం బైకుకు 3,000, ఆటోకు 10,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. ఆ డబ్బుతో కొత్త బండి రాదు. ఇంజను విప్పి, బురద కడిగి, బేరింగులు మార్చి మళ్లీ నడిపించే మనిషి దగ్గర్లో ఉంటేనే ఆ సాయానికి అర్థం. ఆటో నడిస్తేనే ఇల్లు గడిచేవాడికి మరమ్మతు షెడ్డు ఆసుపత్రి ఎంత అవసరమో అంత అవసరం. వరదల ఊరికి ఈ సామర్థ్యం ఊళ్లోనే ఉండాలి.

కాలుష్యం, భద్రత గురించి అడిగేవాళ్ల ఆందోళన సరైనదే. వాడేసిన ఇంజనాయిల్ మురుగు కాలవలో కలుస్తోంది, రంగు పొగ ఊపిరితిత్తుల్లోకి పోతోంది, బ్యాటరీ సీసం పిల్లల చేతికి అంటుతోంది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర స్లీపర్ బస్సు కాలి 19 మంది ప్రయాణికులు చనిపోయాక, బస్సు లోపల ఏం అమర్చుతున్నారు, ఎవరు తనిఖీ చేస్తున్నారన్న ప్రశ్న ఎవరూ దాటేయలేరు. కాని పని చెదిరిపోతే కాలుష్యం, ప్రమాదం రెండూ ఎక్కువవుతాయి, తగ్గవు. షెడ్లన్నీ ఒకే చోట ఉంటే ఉమ్మడి పెయింట్ బూత్ కట్టవచ్చు, వాడిన ఆయిలు సేకరించవచ్చు, ఒక ఇన్‌స్పెక్టర్ ఒక్క రోజులో వీధి మొత్తం చూడవచ్చు. అవే షెడ్లు హైవే పొడవునా, కాలవ గట్ల మీద, ఊరూరా చెదిరితే ఆ ఆయిలు పంటకాలవలో కలుస్తుంది, ఆ బస్సును ఎవరు మార్చారో కూడా తెలియదు. కళ్లకు కనిపించనంత దూరం పంపినంత మాత్రాన మురికి శుభ్రమైపోదు. డెల్టాలో కాలవ నీళ్లు తాగేవాళ్లున్నారు.

మరి ప్లాటు యజమానులే అమ్ముకుంటామంటే అడ్డుచెప్పడానికి మనమెవరం అంటారు కొందరు. పరిశ్రమ పెట్టుకోవడానికి, పరిశ్రమ ధరకు, ప్రజల నేల నుంచి ఇచ్చిన ప్లాట్లవి. ఇచ్చిన ప్రయోజనం తీరనప్పుడు పెరిగిన విలువలో ప్రజలకు హక్కుంటుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ప్లాటు పేరు మీద ఉన్నవాళ్లే పని చేస్తున్నవాళ్లు కావాలని లేదు. షెడ్డులో సగం జాగా అద్దెకు తీసుకున్న టింకరింగ్ మేస్త్రికి, మూల గదిలో బ్యాటరీలు చార్జి చేసేవాడికి, రోడ్డు పక్క టీ కొట్టుకు మార్పిడి ఒప్పందంలో పేరే ఉండదు. యజమానికి కోట్లు వస్తాయి, వాళ్లకు ఖాళీ చేయమన్న నోటీసు వస్తుంది. ఈ చర్చంతా రుసుము శాతం ఎంత అనే దగ్గరే తిరగడానికి కారణం అదే: చర్చలో కూర్చున్నవాళ్లందరూ నేల ఉన్నవాళ్లే.

ఇంకొందరు మంచి మనసుతోనే మధ్యేమార్గం చెబుతారు. షెడ్లు కూల్చొద్దు, రంగులు వేసి కాఫీ షాపులు, ఆర్ట్ గ్యాలరీలు, స్టార్టప్ కేంద్రాలు చేద్దామంటారు. భవనం నిలబడుతుంది కాబట్టి ఇది నయమే అనిపిస్తుంది. కాని గోడలు మిగిలి పని పోతే మిగిలింది చిత్రపటమే. పాత షెడ్డును మళ్లీ వాడుకోవడమంటే, డీజిల్ పంపులు సరిచేసిన బల్ల మీద రేపు బ్యాటరీ ప్యాకు విప్పడం. మూతపడిన రైస్ మిల్లు గోదాములో, గుడివాడైనా తెనాలైనా, మినపగుళ్లో మామిడి తాండ్రో శుభ్రంగా ప్యాక్ చేసే చిన్న యూనిట్లకు చోటివ్వడం. కళ్లం, గోదాము, బరువు తూచే కాటా, లారీ ఆగే జాగా ఆ మిల్లులకు ముందే ఉన్నాయి. రవాణా స్థలాల విషయంలోనూ ఇదే చూపు కావాలి. గవర్నర్‌పేటలో ఆర్టీసీకి చెందిన 4.15 ఎకరాలను మాల్ కోసం ఇవ్వాలని 2025లో ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని నేను వ్యతిరేకించేది ఇందుకే. ఊరి గుండెలో బస్సులకున్న జాగా ఒకసారి పోతే, ఎంత డబ్బు పెట్టినా ఆ నడిబొడ్డున బస్సుకు మళ్లీ చోటు దొరకదు.

ప్రభుత్వం నిజంగా ఆటోనగర్ మేలు కోరుతుంటే చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. నేల మార్పిడి దరఖాస్తు ఒక్కటి కూడా తీసుకోకముందు, పారిశ్రామికవాడ స్థానిక సంస్థ ఐలా చేత ప్రతి షెడ్డులో ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎంత అద్దె కడుతున్నారో, ఎంతమందికి పని ఇస్తున్నారో వీధి వీధినా లెక్క రాయించాలి. ఆ లెక్కను అందరికీ కనిపించేలా బయటపెట్టాలి. వసూలైన ఆస్తిపన్నులో ఒక వాటాను డ్రైనేజీకి, ఉమ్మడి పెయింట్ బూత్‌కు, బాడీ కోడ్ పరీక్షా కేంద్రానికి కట్టుబడి ఖర్చు చేయాలి. అద్దెకున్నవాళ్లకు కనీసం పదేళ్ల లీజు రక్షణ ఇవ్వాలి. ప్లాటు అమ్ముడైతే మొదట కొనే హక్కు అందులో పనిచేస్తున్న మేస్త్రికి, అతనికి బ్యాంకు అప్పు ఇప్పించే బాధ్యత ప్రభుత్వానికి ఉండాలి. షెడ్డు ఖాళీ అయితే ఇంకో పరిశ్రమకే ఇవ్వాలన్న షరతు లీజులోనే ఉండాలి. ఈ పనులన్నీ చేసి చూశాక కూడా ఆటోనగర్‌లో పని నిలబడకపోతే అప్పుడు నేల గురించి మాట్లాడుకుందాం. అంతవరకు మార్పిడి ఫైలును పక్కన పెట్టాలి.